యుక్తియే గీటురాయి: కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి జీవితము

మనుష్యుడు తాను నమ్మువానిలో అధికభాగమును స్వయముగా పరీక్షించి నమ్మినవాడు కాడు. తల్లి చెప్పినది, గురువు బోధించినది, పెద్దలు ఆచరించినది, గ్రంథమున వ్రాయబడినది – ఇవియే వాని విశ్వాసములకు మూలములు. ఇందు తప్పేమియు లేదు. ప్రతి విషయమును ప్రతివాడును మొదటినుండి పరీక్షింపబూనినచో ఒక జన్మము చాలదు. కాని ఆ విశ్వాసమునకు ఆధారమేమని ఒకనాడు ఎవరైన అడిగినప్పుడు మనమేమి చూపవలయును? మా తాత చెప్పెను, ఆయనకు వారి తాత చెప్పెను అని చూపిన చాలునా? చాలనిచో మరి యేది చాలును?

కృష్ణా డెల్టాలోని సేద్యగాడు ఈ ప్రశ్నకు తన యింటి అరుగుమీదనే సమాధానము చెప్పుచున్నాడు. విత్తనపు వడ్లు ఎంత నమ్మకస్తుని ఇంటినుండి వచ్చినను, నారు పోయుటకు ముందు గుప్పెడు గింజలను నానవైచి, తడిగుడ్డలో మూటకట్టి మొలక చూచును. నూటికి ఎన్ని మొలచినవో లెక్కించును. విత్తనమిచ్చిన వానిని అవమానించుటకై ఆతడిట్లు చేయుట లేదు. ఏడాది పంట ఆ గింజలపై ఆధారపడి యున్నది గనుక చేయుచున్నాడు. ఏడాది పంటకు ఈపాటి పరీక్ష అవసరమైనప్పుడు, జీవితమంతయు నడిపించు విశ్వాసములకు పరీక్ష యేల అనవసరమగును? ఈ ప్రశ్నను తెనాలి పట్టణమున నివసించుచు, పద్యములలోను, నాటకములలోను, పెండ్లిపందిళ్ళలోను, పురపాలక సంఘ సభలోను విడువక లేవదీసిన మహావ్యక్తి త్రిపురనేని రామస్వామి చౌదరిగారు. ఆంధ్రులు ఆయనను కవిరాజని గౌరవించిరి. ఆయన అభిప్రాయములన్నిటితో ఏకీభవింపని వారికిని ఆయన జీవితము ఆలోచనీయము.

ఆ సీమ, ఆ కాలము

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములు కృష్ణానది పశ్చిమ డెల్టాలోనివి. నేడు తెనాలి గుంటూరు జిల్లాలో నుండగా, రేపల్లెయు బాపట్లయు 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినవి. 1855 నాటికి బెజవాడవద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తియయ్యెను. కాలువలు పారిన పిదప మెట్టభూములు మాగాణులైనవి. రైతు ఇంట ధాన్యము మిగిలెను. మిగిలిన ధాన్యము బిడ్డల చదువుగా మారెను. అంతవరకు పురాణమును అరుగుమీద కూర్చుండి వినుటయే గాని, స్వయముగా పుస్తకము విప్పి చదువు అవకాశము లేని కుటుంబములనుండి, చదువుకొని ప్రశ్నింపగల యువకులు బయలుదేరిరి. 1913లో బాపట్లయందు ప్రథమాంధ్ర మహాసభ జరిగి, తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రమను భావమును చర్చకు తెచ్చెను. 1916లో కొల్లూరు గ్రామమున కొందరు చదువుకొన్న బ్రాహ్మణేతరులు సమావేశమై, శూద్రుడను పదమునకు అర్థమేమి, ఆ పేరు తమకు ఎవరు పెట్టిరి అని విచారించిరి. అనగా రామస్వామిగారు తెనాలిలో కాపురము పెట్టక పూర్వమే ఆ నేలలో ప్రశ్న మొలకెత్తి యున్నది.

ఇంకను వెనుకకు పోయినచో, రేపల్లెకు చేరువనున్న భట్టిప్రోలులో ప్రాచీన బౌద్ధస్తూపము కలదు. 1892లో అలెగ్జాండరు రే అను పురావస్తు పరిశోధకుడు అచట త్రవ్వకములు జరిపి, ధాతువులను దాచిన పేటికలను, వానిపై బ్రాహ్మీలిపిలోని శాసనములను వెలికిదీసెను. ఆ స్తూపము ఏ మహనీయుని స్మరణకై వెలసెనో ఆ బుద్ధుడు కాలాములను జనులకు చేసిన ఉపదేశము లోకప్రసిద్ధము. పరంపరగా వచ్చినదనియు, గ్రంథమున నున్నదనియు, చెప్పినవాడు మనకు గురువనియు మాత్రమే దేనిని అంగీకరింపవలదనియు, మేలు కీడులను తామే తెలిసికొని స్వీకరింపవలెననియు దాని సారాంశము. ఇరువది మూడు శతాబ్దముల క్రిందటనే ఈ డెల్టా నేల యట్టి మాటను విని యున్నది.

బాల్యము, విద్య

రామస్వామిగారు 1887 జనవరి 15న కృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతమునందలి అంగలూరు గ్రామమున రైతు కుటుంబమున జన్మించిరి. చిన్ననాటినుండియు పద్యమనిన వారికి ప్రాణము. బందరులో చదువుకొనునాడు అవధానములు చేయగలిగినంత ధారణయు, ధారాశుద్ధియు సంపాదించిరి. పురాణేతిహాసములను విమర్శించిన వాడనగానే, వానిని చదువనివాడనియో, చదివియు రుచి గ్రహింపలేనివాడనియో అనుకొనుట కలదు. రామస్వామిగారి విషయమున ఇది సత్యము కాదు. భారత రామాయణములు వారి నాలుకపై నుండెను. ఛందస్సు, వ్యాకరణము, అలంకారము వారికి కరతలామలకములు. ప్రాత పద్యమునందే క్రొత్త ప్రశ్నను పొదిగిరి.

వారి తొలినాళ్ళ రచనలలో కురుక్షేత్ర సంగ్రామమను నాటకము కలదు. కౌరవులు దుర్మార్గులు, పాండవులు ధర్మాత్ములు అను మాట మనకు ఉగ్గుపాలతో వచ్చినది. రామస్వామిగారు ఆ కథను దాయభాగపు వ్యాజ్యెమువలె చూచిరి. రాజ్యమునకు హక్కుదారు ఎవరు, ఆ హక్కు ఏవిధముగా సంక్రమించెను, జూదమున ఒడ్డి పోగొట్టుకొన్నవాడు మరల దేనినాధారము చేసికొని కోరవచ్చును అను ప్రశ్నలు వేసి, కౌరవపక్షము వాదమును ప్రేక్షకునికి వినిపించిరి. ఒక పక్షమువారు వ్రాయించుకొన్న చరిత్రను చదివి రెండవ పక్షము దోషియని తీర్పు చెప్పరాదనుట దాని తాత్పర్యము.

1914లో వారు న్యాయశాస్త్రము చదువుటకై ఐర్లండులోని డబ్లిను నగరమునకు పోయి 1917లో తిరిగివచ్చిరి. మొదటి ప్రపంచ యుద్ధపు రోజులవి. 1916లో ఆ నగరముననే ఐరిషు స్వాతంత్ర్యవాదుల తిరుగుబాటు చెలరేగెను. అచటనుండియే రామస్వామిగారు అనిబిసెంటు నడిపిన హోంరూలు ఉద్యమమును బలపరుపవలసినదని కృష్ణాపత్రికకు వ్రాసిరి. తరువాతి కాలమున వారు రచించిన వీరగంధపు పాట స్వాతంత్ర్యోద్యమ దినములలో తెలుగునాట ఊరూర మ్రోగెను. స్వదేశమునకు వచ్చినపిదప కొంతకాలము బందరులో న్యాయవాదవృత్తి సాగించి, 1922 ప్రాంతమున తెనాలికి తరలివచ్చి అచట స్థిరపడిరి. తమ గృహమునకు సూతాశ్రమమని పేరిడిరి.

న్యాయస్థానపు పద్ధతి

ఆ పేరునందే వారి ఆలోచన అంతయు ఇమిడి యున్నది. నైమిశారణ్యమున శౌనకాది మహామునులకు పురాణములను వినిపించినవాడు సూతుడు. శాస్త్రములు చెప్పు జాతిక్రమమును బట్టి సూతుడు బ్రాహ్మణుడు కాడు. అట్టివాని నోట వెలువడిన పురాణములను చదువుటకు, వ్యాఖ్యానించుటకు అధికారము కొందరిదే యనుట యెట్లు పొసగును? ఈ ప్రశ్ననుండియే వారి సూతపురాణము పుట్టినది. పురాణముల కథలను పద్యములలోనే ఒక్కొక్కటిగా పరిశీలించి, అందలి పరస్పర విరోధములను, అసంభవములను, ఒక వర్గమునకు మేలు చేకూర్చు కల్పనలను ఎత్తిచూపిన గ్రంథమది.

వారి విమర్శ పద్ధతిని గ్రహించుటకు నాటి న్యాయస్థానమును తలచుకొనవలయును. వారి కాలమున దేశమంతట అమలులో నున్నది 1872 నాటి సాక్ష్య చట్టము. దాని మూలసూత్రములు సామాన్యునికిని తెలిసినవే. సాక్షి తాను కన్నది చెప్పవలయును గాని, ఇతరులు చెప్పగా విన్నది చెప్పిన సామాన్యముగా చెల్లదు. ఒక సంగతి నిజమనువాడే దానిని ఋజువు చేయవలయును. కాదనువాడు లేదని ఋజువు చేయనక్కరలేదు. వ్యవహారమున స్వలాభము గల సాక్షిమాటను మరింత జాగ్రత్తగా చూడవలయును. ఎదుటిపక్షము ప్రశ్నలకు నిలిచిన సాక్ష్యమే సాక్ష్యము. దస్తావేజులో కొట్టివేతలు, చేర్పులు కనబడినచో వానికి సంజాయిషీ కావలయును. పదిరూపాయల బాకీ దావాలో మనమందరము ఈ నియమములను అంగీకరింతుము. మానవులలో ఒకడు పుట్టుకచేతనే అధికుడు, మరియొకడు పుట్టుకచేతనే నీచుడు అను మహావ్యవహారమున మాత్రము ఈ నియమములు వలదందుము. రామస్వామిగారు ఈ రెండు కొలతలను సహింపలేదు.

ఈ పద్ధతి పరదేశమునుండి దిగుమతి యైనదని కొందరు ఆక్షేపింతురు. అది సరికాదు. జ్ఞానమునకు ప్రమాణములెవ్వి అను విచారణ మన దర్శనములలోనే మిక్కిలి సూక్ష్మముగా జరిగినది. చార్వాకుడు ప్రత్యక్షమొక్కటియే ప్రమాణమనెను. బౌద్ధ తార్కికుడగు దిఙ్నాగుడు ప్రత్యక్షము, అనుమానము అను రెంటినే అంగీకరించెను. నైయాయికులు వీనికి ఉపమానమును, శబ్దమును చేర్చి నాలుగనిరి. భాట్టమీమాంసకులు ఆరింటిని లెక్కించిరి. ఇందు శబ్దమనగా ఇతరుని మాటవలన కలుగు జ్ఞానము. నైయాయికులు దీనిని ఊరక అంగీకరింపలేదు. ఆప్తుని మాట మాత్రమే ప్రమాణమనిరి. ఆప్తుడెవడు? విషయమును ఉన్నదున్నట్లు తెలిసినవాడు, తెలిసినదానిని ఉన్నదున్నట్లు చెప్పగోరువాడు. కావున ఒకరి మాటను నమ్ముటకు ముందు రెండు ప్రశ్నలు తప్పవు: వానికి ఇది యెట్లు తెలిసినది? వానికి దీనిని వక్రించి చెప్పుటవలన లాభమేమైన కలదా?

మీమాంసకులు వేదము అపౌరుషేయమనియు, కర్త లేనందున కర్తృదోషములును దానికి లేవనియు వాదించిరి. ఆ వాదమును అంగీకరించినను, అది పురాణములకు పట్టదు. పురాణమును రచించినవాడు కలడు, చెప్పినవాడు కలడు, విన్నవారు కలరు. కర్త యున్నచోట ఆప్తపరీక్ష తప్పదు. రామస్వామిగారు నైయాయికుల గ్రంథమును ముందుంచుకొని వ్రాసిరని కాదు గాని, వారు వేసిన ప్రశ్న మన ప్రాచీన తర్కశాస్త్రము ద్వారములు మూసియుంచిన ప్రశ్న కాదని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును.

శంబూకుని కథ

వారి రచనలలో పెక్కు సంచలనము కలిగించినది 1920లో వెలువడిన శంబూకవధ నాటకము. మూలకథ రామాయణము ఉత్తరకాండలోనిది. ఒక బ్రాహ్మణుని కుమారుడు అకాలమున మరణించును. రాజ్యమున శూద్రుడొకడు తపస్సు చేయుటయే దీనికి హేతువని నారదుడు చెప్పును. రాముడు వెదకి శంబూకుని కనుగొని వధించును. చనిపోయిన బాలుడు బ్రతుకును.

మనము తరతరములుగా విన్న ఈ కథలో ఒక అనుమానము, అనగా కార్యమును చూచి కారణమును ఊహించు తర్కము, దాగియున్నది. ఇచట తపస్సు, అచట మరణము. ఈ రెంటికి సంబంధమేమి? తపస్సు చేసిన ప్రతిచోట బాలురు చనిపోవుచున్నారా? తపస్సు లేనిచోట అకాలమరణములు లేవా? కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒకేసారి జరిగినంతమాత్రమున కాకియే పండును రాల్చినదనరాదని మన పెద్దలు కాకతాళీయ న్యాయమని పేరుపెట్టి హెచ్చరించిరి. ఆ న్యాయమును కథలో ఏ మంత్రియు రాజునకు జ్ఞప్తి చేయలేదు. ఆరోపణ వచ్చినది, విచారణ లేకయే శిక్ష అమలైనది. రామస్వామిగారు ఈ వృత్తాంతమును తిరుగవ్రాసి, శంబూకునికి తన పక్షము చెప్పుకొను అవకాశమిచ్చిరి. రాజును తప్పుదారి పట్టించిన పురోహితవర్గపు ఒత్తిడిని రంగస్థలముపైకి తెచ్చిరి. ప్రేక్షకునకు తీర్పరి స్థానమిచ్చిరి. ఆధారము లేని నమ్మకము గ్రంథమున నున్నంతకాలము వట్టి మాటయే. అధికారము చేతికి వచ్చిననాడు అదే కత్తియగునని ఈ నాటకము చూపినది.

గంగానమ్మ కొలుపులు

1925లో రామస్వామిగారు తెనాలి పురపాలక సంఘమునకు అధ్యక్షులైరి. అప్పుడు వారి విశ్వాసములు కాగితముమీదినుండి వీధిలోనికి దిగినవి. డెల్టా గ్రామములలో మశూచి, కలరా వంటి జాడ్యములు వచ్చినప్పుడు గ్రామదేవత ఆగ్రహించినదని, కొలుపులు చేసి జంతువులను బలియిచ్చినచో శాంతించునని జనుల నమ్మకము. తెనాలిలో గంగానమ్మకు ఇచ్చు జంతుబలులను అధ్యక్షులుగా రామస్వామిగారు నిషేధించిరి.

ఇచటను కాకతాళీయ న్యాయమే. జాడ్యము వచ్చును, కొంతకాలము వ్యాపించి తనంతట తగ్గును. ఆ తగ్గుముఖమున బలి జరిగినచో, బలివలననే తగ్గెనందురు. తగ్గనిచో, బలిలో లోపము జరిగినదందురు. ఏది జరిగినను నిజమనిపించుకొను మాటను పరీక్షించుట యెట్లు? ఓడిపోవుటకు వీలులేని వాదము గెలిచినదనుటకును వీలులేదు. ఇంగ్లండులో జెన్నరు 1796లో మశూచికి టీకా కనుగొనెను. 1854లో లండనులో జాన్ స్నో అను వైద్యుడు ఏ వీధివారు ఏ పంపునీరు త్రాగిరో, ఎవరు చనిపోయిరో ఇంటింట విచారించి, కలరా నీటివలన వ్యాపించునని చూపెను. కాఖు పండితుడు 1883–84 సంవత్సరములలో ఈజిప్టులోను కలకత్తాలోను పరిశోధించి ఆ జాడ్యపు క్రిమిని గుర్తించెను. ఈ మాటలు తప్పయినచో తప్పని తేలుటకు అవకాశమున్న మాటలు. పరీక్షకు నిలిచినవి కనుక జ్ఞానమైనవి. భారతదేశమున మశూచి 1975లో అంతరించెను; 1980లో ప్రపంచమునుండియే తొలగిపోయినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. దానిని తొలగించినది టీకా.

కాని 1920ల నాటి తెనాలి ప్రజలకు ఈ సంగతులన్నియు ఎవరు చెప్పిరి? నిషేధమువలన కోపించినవారు అధ్యక్షునిపై అవిశ్వాస తీర్మానము తెచ్చి పదవినుండి తొలగించిరి. రామస్వామిగారు వెనుదీయక మరల పోటీచేసి, ప్రజల ఓట్లతోనే గెలిచి తిరిగి అధ్యక్షులైరి. ఈ ఘట్టమున మనము నేర్వవలసినది కలదు. మేకను కాపాడుటకు ఉత్తర్వు చాలును. మేకను నరకుట అవసరమను నమ్మకమును మాన్పుటకు ఉత్తర్వు చాలదు. దానికి హేతువు చెప్పవలయును, విన్నవాడు ఒప్పుకొనవలయును. యుక్తికి అధికారము తోడైన కార్యము వేగిరపడును గాని, యుక్తి చేయవలసిన పనిని అధికారము చేయలేదు. రెండవసారి ఓటర్లయెదుట నిలిచినప్పుడు రామస్వామిగారు ఆశ్రయింపవలసినది ఒప్పించు మార్గమునే.

తెలుగు వివాహము

వారు చేసిన మరియొక కార్యము వివాహవిధి గ్రంథము. వివాహమున వధూవరులు చేయు ప్రతిజ్ఞలు సంస్కృతమున నుండును. పురోహితుడు చెప్పును, వరుడు తిరిగి పలుకును, పలికినవానికిని, విన్న బంధువులకును అర్థము తెలియదు. అర్థము తెలియని వాక్యమును నమ్ముట సాధ్యమా? దాని శబ్దమును పలుకవచ్చును, దానిపై గౌరవముంచవచ్చును, కాని దానికి సమ్మతించితిననుట యెట్లు? తెలియని భాషలోని దస్తావేజుపై వ్రేలిముద్ర వేసినవాని దుఃఖము న్యాయవాదియైన రామస్వామిగారికి బాగుగా తెలిసినదే. అందుచే వారు వివాహక్రమమును తెలుగున రచించి, తామే పౌరోహిత్యము వహించి పెక్కు వివాహములు జరిపించిరి. డెల్టా గ్రామములలో ఆ పద్ధతి వ్యాపించినది. వధువు తానేమి మాట ఇచ్చుచున్నదో తెలిసి ఇచ్చెను. వరుడు తానేమి భారము వహించుచున్నాడో తెలిసి వహించెను.

విమర్శకునికి విమర్శ

రామస్వామిగారి కొలతతో రామస్వామిగారిని కొలువకున్నచో వారి జీవితమునుండి మనము నేర్చుకొన్నది శూన్యము. కావున రెండు సంగతులు చెప్పవలయును.

మొదటిది. వారు తమ కాలమున ప్రబలిన ఆర్య ద్రావిడ జాతుల సిద్ధాంతమును విశ్వసించి, శంబూకుని కథలో రెండు జాతుల సంఘర్షణను చూచిరి. ఆర్య, ద్రావిడ అనునవి భాషాకుటుంబముల పేర్లే గాని, వేర్వేరు రక్తములుగల జాతుల పేర్లు కావని నేటి పండితులు చెప్పుచున్నారు. 2019లో ప్రకటితమైన ప్రాచీన జన్యు పరిశోధనలు వలసలను నిరూపించినవి గాని, ఆ వలసవారు పూర్వవాసులతో కలిసిపోయి నేటి భారతీయులందరును మిశ్రమ సంతతియే యైనట్లు కూడ చూపినవి. ఐరోపా పండితుడు వ్రాసినది గనుక నిజమనుట, ముని వ్రాసినది గనుక నిజమనుటకంటె మేలైన తర్కము కాదు.

రెండవది. పురాణము నమ్మదగిన సాక్షి కాదన్నప్పుడు, శంబూకుని వధ జరిగెననుటకు మాత్రము ఆ పురాణవాక్యమే సాక్ష్యమగునా? ఈ ఆక్షేపణకు న్యాయశాస్త్రముననే సమాధానము కలదు. ప్రతివాది తనకు ప్రతికూలముగా తానే ఒప్పుకొన్న మాటను వానిపై ఉపయోగింపవచ్చును. ఉత్తరకాండ తరువాతి చేర్పని పెక్కుమంది పండితుల అభిప్రాయము. ఆ కథ జరిగినను జరుగకున్నను, దానిని వ్రాసినవారు దేనిని ధర్మమని మెచ్చుకొనిరో అది దానివలన తెలియుచున్నది. అనగా ఆ కథ జరిగిన సంఘటనకు సాక్ష్యము కాదు, వ్రాసినవారి మనస్సునకు సాక్ష్యము. ఇంతవరకు రామస్వామిగారి వాదము నిలుచును. అంతకుమించి దానిని చరిత్రగా గైకొన్నచోట నిలువదు. ఒక వాదములో నిలుచు భాగమును నిలువని భాగమునుండి వేరుచేయుటయే యుక్తి చేయు పని. గెలుపోటములు దానికి లక్ష్యములు కావు.

తండ్రియు కుమారుడును

రామస్వామిగారు 1943 జనవరి 16న, తమ యేబదియారవ జన్మదినము గడచిన మరునాడు, దివంగతులైరి. భారత ప్రభుత్వ తపాలాశాఖ వారి శతజయంతి సంవత్సరమగు 1987లో వారి స్మారకముగా తపాలాబిళ్ళను వెలువరించెను. వారి అనంతరము తెనాలి ప్రాంతమున హేతువాదము ఆగిపోలేదు. ఎం. ఎన్. రాయ్ ప్రతిపాదించిన నవ్యమానవవాదమునకు ఆ పట్టణము ఒక కేంద్రమయ్యెను. సమీప గ్రామమగు మూల్పూరులో జన్మించి తెనాలిలో న్యాయవాదిగా నున్న ఆవుల గోపాలకృష్ణమూర్తిగారు దానికి సారథ్యము వహించిరి.

అందరికంటె గొప్ప నిదర్శనము వారి కుమారుడు, సుప్రసిద్ధ కథకుడు త్రిపురనేని గోపీచందుగారు. 1910లో జన్మించి 1962లో పరమపదించిన ఈయన, తన అసమర్థుని జీవయాత్ర నవలను తండ్రికి అంకితమిచ్చుచు, కారణమేమని ప్రశ్నించుట నేర్పినందుకు కృతజ్ఞత తెలిపెను. పుత్రుడు తండ్రినుండి పొందిన ఆస్తి అది. కాని ఆ ప్రశ్న ఆయనను ఎచటికి గొంపోయెను? మొదట తండ్రివలె హేతువాదియై, పిదప రాయ్ అనుచరుడై ఆంధ్ర రాడికల్ డెమొక్రటిక్ పార్టీకి కార్యదర్శిగా పనిచేసి, తుదకు అరవిందుల తత్త్వమువైపు మొగ్గెను. పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా అను నవలకు మరణానంతరము కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను.

హేతువాది కుమారుడు ఆధ్యాత్మికవాది యయ్యెను గనుక తండ్రి ఓడెనని కొందరనవచ్చును. నిదానించి చూచినచో అది ఓటమి కాదు. తండ్రి తాను చేరిన గమ్యమునే కుమారుడును చేరవలెనని శాసించియుండినచో, అది మరియొక పురాణమే యగును. ఆయన ఇచ్చినది గమ్యమును కాదు, నడక. కుమారుడు తన కాళ్ళతో తాను నడచెను. ప్రశ్నించి దైవమును అంగీకరించినవాని విశ్వాసమును, ప్రశ్నింపక అంగీకరించినవాని విశ్వాసమును పైకి ఒకేవిధముగా కనబడును. కాని మొదటివాడు తన విశ్వాసమునకు తాను బాధ్యుడు. రెండవవాడు వాని తాతకు పూచీదారు మాత్రమే.

మనకు మిగిలినది

భక్తులకు ఈ జీవితముతో పనియేమని పాఠక మహాశయులు అడుగవచ్చును. పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివినవారికి ఆ సందేహము కలుగరాదు. కులాచారమను ఒక్క కారణముచే తండ్రి చేయబూనిన ఉపనయనమును నిరాకరించిన బాలుని కథ అందున్నది. బసవేశ్వరుని నిరాకరణము భక్తినుండి పుట్టినది; రామస్వామిగారిది యుక్తినుండి పుట్టినది. ఈ రెంటిని ఒకటిగా చూపుట ఇద్దరికిని అన్యాయమే. అయినను ఇది మన పెద్దల ఆచారము అను మాటయే తుదిమాట యగుటకు ఇద్దరును ఒప్పుకొనలేదు.

నేడు కొత్త పురాణములు అరచేతిలోని యంత్రమునుండి నిమిషమునకొకటి వెలువడుచున్నవి. ఈ ఆకురసము త్రాగిన మధుమేహము పోవుననియు, ఫలానా కులమువారు ఫలానా కుట్ర చేయుచున్నారనియు, మనవారే పంపిన వార్తలు మనవారిచేతనే పదిమందికి చేరుచున్నవి. పంపినవాడు ఆత్మీయుడు గనుక అనుమానింపము. కాని విత్తనపు వడ్లు బావమరిది ఇంటినుండి వచ్చినను మొలక చూడక నారుపోయని రైతుల సంతతి మనము. ఎవరు చెప్పిరి, వారికెట్లు తెలిసినది, వారికి లాభమేమి అను మూడు ప్రశ్నలు సూతాశ్రమపు ఇల్లు మనకిచ్చి పోయినవి. మందు మింగుటకు ముందు, పొరుగువానిని ద్వేషించుటకు ముందు, బిడ్డకు ఇది సత్యమని చెప్పుటకు ముందు వీనిని ఒక్కసారి అడిగి చూతము. సమాధానము దొరికిన విశ్వాసము మరింత దృఢమగును. దొరకనిదానిని విడిచినందువలన మనకు కలుగు నష్టమేమియు లేదు.